కుటుంబాలలో కనిపించే పేగువ్యాధులు

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదని పెద్దల మాట. రూపురేఖలు, కంఠస్వరం తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించినట్లే, కొన్ని వ్యాధులకు లోనయ్యే స్వభావం కూడా సంక్రమిస్తుంది. అయితే విత్తు ఉన్నంత మాత్రాన చెట్టు మొలవదు. నేల, నీరు, వాతావరణం కలిసిరావాలి. ఈ సత్యాన్ని స్పష్టంగా తెలిపే పేగువ్యాధులు రెండున్నాయి. అవి అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి.

పేగులలో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఏర్పడటం ఈ రెండింటి లక్షణం. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలిపొరకు పరిమితమవుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. పేగుగోడ లోతులకు వ్యాపిస్తుంది. దీనిని 1932లో న్యూయార్కులోని మౌంట్ సినాయ్ వైద్యశాలకు చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే వైద్యులు సమగ్రంగా వర్ణించారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థ, పేగులలో సహజంగా నివసించే సూక్ష్మజీవులపై హద్దుమీరి విజృంభించి, తన పేగునే గాయపరుస్తుంది. కంచే చేను మేసినట్లన్నమాట. ఇవి అంటువ్యాధులు కావు.

ఈ వ్యాధులలో వంశం పాత్ర ఎంత? స్వీడన్‌లో కవలలపై జరిపిన ఒక పరిశీలన 1988లో వెలువడింది. ఏకరూప కవలల జన్యువులు ఒక్కటే. వారిలో క్రోన్స్ వ్యాధి ఉన్న 18 జంటలను పరిశీలించగా, 8 జంటలలో ఇద్దరికీ వ్యాధి ఉన్నది. భిన్నరూప కవలలలో 26 జంటలకు గాను ఒక్క జంటలోనే అట్లా కనిపించింది. అల్సరేటివ్ కొలైటిస్‌లో 16 ఏకరూప జంటలకు గాను ఒక్క జంటలోనే ఇద్దరూ వ్యాధిగ్రస్తులు. జన్యువుల ప్రభావం ఉన్నదనీ, అదే సర్వస్వం కాదనీ ఈ అంకెలు చాటుతున్నాయి.

2001లో శాస్త్రజ్ఞులు 16వ క్రోమోసోముపై నాడ్-2 అనే జన్యువుకు క్రోన్స్ వ్యాధితో సంబంధమున్నదని గుర్తించారు. సూక్ష్మజీవుల ఉనికిని పసిగట్టడం దాని పని. అటుపిమ్మట ఈ వ్యాధులతో ముడిపడిన జన్యుస్థానాలు రెండువందలకు పైగా బయటపడ్డాయి. ఐరోపావారిలో తరచు కనిపించే నాడ్-2 మార్పులు భారతీయులలో చాలా అరుదు.

ఇక నేల సంగతి. పొగతాగడం క్రోన్స్ వ్యాధి ముప్పును పెంచుతుంది. దక్షిణాసియా నుండి కెనడాకు వలస వెళ్ళిన వారిలో ఈ వ్యాధులు తక్కువ. అక్కడే పుట్టిన వారి పిల్లలలో మాత్రం స్థానికుల పిల్లలతో దాదాపు సమానం. ఒక తరంలో వంశం మారలేదు, పరిసరాలు మారాయి.

ఈ వ్యాధులు తరచుగా పదిహేను, ముప్పయి అయిదేళ్ళ మధ్య బయటపడతాయి. అనగా చదువు, ఉద్యోగం, వివాహం ముడిపడిన వయస్సులోనే. మలంలో రక్తం కనబడితే మూలశంక అనుకొని, విరేచనాలైతే వేడి చేసిందని మజ్జిగ తాగి, ఎందరో నెలలు గడుపుతారు. చెప్పుకోవడానికి సిగ్గు ఒక కారణం. సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో తల్లి తన వ్యాధిని దాచిపెట్టడం మరొక కారణం. తల్లి మౌనం బిడ్డకు శాపమవుతుంది. వ్యాధి ముదిరి రక్తహీనత ఏర్పడుతుంది. ఎదిగే పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది.

మన దేశంలో మరొక చిక్కున్నది. పేగులకు వచ్చే క్షయ, క్రోన్స్ వ్యాధి చూపునకు ఒకే తీరుగా ఉంటాయి. క్రోన్స్ వ్యాధికిచ్చే స్టెరాయిడ్లు క్షయను విజృంభింపజేస్తాయి. కనుక కొలనోస్కోపీతో పేగును చూచి, చిన్న ముక్క తీసి పరీక్షించి, కుటుంబచరిత్రను అడిగి వైద్యుడు నిర్ణయానికి రావాలి. అప్పుడు నిజం చెప్పడం రోగి ధర్మం.

ఈ వ్యాధులను సాధారణంగా మందులతో సమూలంగా తొలగించలేకున్నా, అదుపులో ఉంచవచ్చు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సాగించిన పరిశోధనల ఫలితమైన మెథోట్రెక్సేట్, నేడు క్రోన్స్ వ్యాధి చికిత్సలోనూ ఉపయోగపడుతున్నది.

వ్యాధి వచ్చినవారిలో అధికసంఖ్యాకులకు కుటుంబచరిత్రే ఉండదు. తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి ఉన్నా, పిల్లలలో అత్యధికులకు అది రాదు. కనుక వంశాన్ని నిందించడం అన్యాయం. వంశచరిత్రను దాచడం ప్రమాదం. ఇంట్లో పెద్దలు నోరు విప్పి చెప్పిన ఒక్క మాట, పిల్లల వ్యాధిని సకాలంలో గుర్తించడానికి తోడ్పడుతుంది.