గుండె ఆపరేషన్ తర్వాత రక్తం చెప్పే కబురు

గ్రేటర్ నోయిడాకు దగ్గర్లోని ఢిల్లీ ఎయిమ్స్‌లో 1994 ఆగస్టు 3న మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. ఆ వైద్యబృందానికి నాయకుడు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. అయితే ఏ గుండె ఆపరేషన్‌లోనైనా కుట్లు వేయడంతోనే గండం గడిచినట్టు కాదు. తర్వాత సూక్ష్మజీవులు సోకితే, శరీరం అదుపు తప్పి స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీయవచ్చు. ఈ స్థితినే సెప్సిస్ అంటారు. ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో రక్తపరీక్షలతో అంచనా వేయవచ్చా?

ఇక్కడొక చిక్కుంది. చాలా గుండె ఆపరేషన్లలో రక్తాన్ని యంత్రం గుండా నడిపిస్తారు. ఆ యంత్రపు స్పర్శకు, కత్తిగాటుకు శరీరం స్పందించి, సూక్ష్మజీవి ఏదీ లేకపోయినా జ్వరం రావచ్చు, తెల్లకణాలు పెరగవచ్చు. 1930లో కనుగొన్న సి-రియాక్టివ్ ప్రోటీన్ కూడా ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు మామూలుగానే పెరుగుతుంది.

ప్రోకాల్సిటోనిన్ ఇంతకంటే మెరుగైన సూచిక. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది అతి స్వల్పం. బాక్టీరియా తీవ్రంగా సోకినవారిలో బాగా పెరుగుతుందని 1993లో ఫ్రాన్స్ పరిశోధకులు వెల్లడించారు. ఆపరేషన్ వల్ల ఇదీ తొలిరోజు కొంత పెరుగుతుంది. కానీ ఇన్ఫెక్షన్ లేకపోతే, మూత్రపిండాలు బాగుంటే, సుమారు రోజుకు సగం చొప్పున తగ్గిపోతుంది. తగ్గకుండా నిలిచినా, తగ్గి మళ్లీ పెరిగినా అనుమానించాలి. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం సెప్సిస్ రోగులను పరిశీలించింది. నాలుగో రోజుకు ఇది 80 శాతానికి మించి తగ్గనివారిలో 28 రోజుల్లోపు మరణాలు, తగ్గినవారితో పోలిస్తే సుమారు రెండింతలు. ఆ రోగులందరూ గుండె ఆపరేషన్ అయినవారు కారు. అయినా పాఠం ఇక్కడా పనికొస్తుంది.

మరో సూచిక లాక్టేట్. కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు ఇది పేరుకుంటుంది. చాలినంత ద్రవాలు ఎక్కించాక కూడా రక్తపోటు నిలపడానికి మందులు అవసరమై, లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటితే దాన్ని 2016 నిర్వచనం సెప్టిక్ షాక్ అంటుంది. అలాంటివారిలో ఆసుపత్రి మరణాలు 40 శాతానికి పైనే. అయితే గుండెకు ఊతంగా ఇచ్చే అడ్రినలిన్ కూడా లాక్టేట్‌ను పెంచగలదు. కారణమేదో వైద్యుడే తేల్చుకోవాలి.

కాబట్టి గుర్తుంచుకోండి: ఒక్క రోజు అంకె తీర్పు కాదు. అది ఏ దిశగా నడుస్తోంది, రక్తపోటు, మూత్రం, శ్వాస ఎలా ఉన్నాయి, రక్తంలో బాక్టీరియా పెరిగిందా, ఇవన్నీ కలిపి చూడాలి. సెప్సిస్ అనుమానం బలంగా ఉంటే అంకె కోసం కూర్చుని యాంటీబయాటిక్‌ను ఆలస్యం చేయకూడదు. రోగి తేరుకుంటూ ప్రోకాల్సిటోనిన్ దిగివస్తే, మందును సకాలంలో ఆపడానికి అదే అంకె తోడ్పడుతుంది.