దాతృత్వ వేలం లెక్కలకు గ్రిడ్ ఫారం

విద్యార్థులారా! వరద బాధితుల సహాయార్థం మీ కళాశాలలో వేలం జరుగుతోందనుకుందాం. "మూడోసారి" అనగానే పాట ఖాయమవుతుంది. డబ్బు మాత్రం అందరూ అక్కడికక్కడే కట్టరు. ఎవరు ఎంతకు పాడారు? ఎంత కట్టారు? ఇంకా ఎంత రావాలి? ఈ మూడింటికీ ఒకే తెరపై జవాబిచ్చే ఫారంను మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఎలా తయారు చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పట్టికలు

1970లో ఇ. ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాను అనుసరించి సమాచారాన్ని మూడు పట్టికలుగా విడదీద్దాం.

1. వస్తువులు: వస్తువు సంఖ్య, పేరు, కనీస ధర.
2. పాటదారులు: పాటదారు సంఖ్య, పేరు, ఫోను.
3. అమ్మకాలు: వస్తువు సంఖ్య, పాటదారు సంఖ్య, పాట ధర, చెల్లించిన సొమ్ము.

అమ్మకాల పట్టికలో వస్తువు సంఖ్యకు డూప్లికేట్లను అనుమతించని ఇండెక్స్ పెట్టాలి. అప్పుడు ఒకే వస్తువును ఇద్దరి పేర రాయడం కుదరదు. సొమ్ము గడులకు కరెన్సీ రకాన్ని ఎంచుకోవాలి.

ఫారం

అమ్మకాల పట్టిక ఆధారంగా కంటిన్యువస్ ఫారం తయారు చేయండి. ఒక్కో అమ్మకం ఒక్కో వరుసగా కనిపిస్తుంది. డేటాషీట్ కూడా గ్రిడ్డే గాని, అందులో ఫారం ఫుటర్ కనబడదు. మన మొత్తాలు ఉండేది ఫుటర్‌లోనే.

తనిఖీ

వరుస భద్రమయ్యే ముందు "బిఫోర్ అప్‌డేట్" ఈవెంట్ జరుగుతుంది. అక్కడ డీలుకప్ ఫంక్షన్‌తో కనీస ధరను తెచ్చి, పాట ధర అంతకన్నా తక్కువైతే "క్యాన్సెల్ = ట్రూ" అని రాయాలి. అప్పుడు వరుస భద్రం కాదు. మరి ధర గడి ఖాళీగా ఉంటే? ఖాళీ అంటే సున్నా కాదు, "నల్". నల్‌తో పోల్చితే వచ్చే ఫలితమూ నల్లే. ఇఫ్ వాక్యం దాన్ని నిజంగా పరిగణించదు కనుక తప్పు వరుస తప్పించుకుంటుంది. అందుకే ముందుగా ఇజ్‌నల్ ఫంక్షన్‌తో ఖాళీని పట్టుకోవాలి.

బకాయి

బకాయిని పట్టికలో దాచకూడదు. పాట ధర నుంచి చెల్లించినది తీసివేసి ఎప్పటికప్పుడు లెక్కించాలి. ఉదాహరణ చూడండి.

వీణ: ధర రూ. 12,000, చెల్లించినది రూ. 4,000.
చిత్రపటం: ధర రూ. 5,000, చెల్లించినది రూ. 5,000.
గడియారం: ధర రూ. 3,500, చెల్లించినది ఖాళీ.

రావలసిన బకాయి రూ. 11,500. కాని ఫుటర్‌లో "సమ్" చూపేది రూ. 8,000 మాత్రమే! గడియారం బకాయి నల్ అయింది. నల్ విలువలను సమ్ వదిలేస్తుంది. ఏ హెచ్చరికా రాదు, రూ. 3,500 మాత్రం లెక్కలో మాయమవుతుంది. చెల్లించిన సొమ్మును ఎన్‌జెడ్ ఫంక్షన్‌లో ఉంచితే నల్ సున్నాగా మారి లెక్క సరిపోతుంది.

ఫుటర్‌లో పాటల మొత్తం, వసూలు, బకాయి విడివిడిగా చూపండి. పై ఉదాహరణలో రూ. 20,500 పలికింది, చేతికి వచ్చింది రూ. 9,000. బాధితులకు చేరగలిగేది చేతికొచ్చిన సొమ్మే. సభలో ప్రకటించేవారికి ఈ తేడా తెలియాలి.

అభ్యాసం: ఒక పాటదారు రెండు విడతలుగా చెల్లిస్తే, ఏ తేదీన ఎంత కట్టారో తెలియడానికి నాలుగో పట్టిక ఎలా ఉండాలి? గీసి చూడండి.