తాపా కొండదారి

కేమరన్ హైలాండ్స్‌కు సింపాంగ్ పులాయ్ నుంచి వెడల్పైన రోడ్డున్నా, మా క్లాంగ్ వాళ్లకు తాపా పాతదారే దగ్గర. తాపా నుంచి తానా రాతాకు సుమారు 60 కిలోమీటర్లు. ఎత్తు 1,400 మీటర్ల పైమాటే. మలుపులు లెక్కపెడతానన్న మా చిన్నవాడు వంద కాకముందే వాంతి చేసుకున్నాడు.

ఎక్కడం ఎలాగో ఎక్కాం. అసలు పరీక్ష దిగడంలోనే. రింగ్లెట్ దాటాక నేను బ్రేకు మీంచి కాలు తీయలేదు. కాలిన వాసన వచ్చింది. కాసేపటికి పెడల్ మెత్తగా లోపలికి పోయింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. హ్యాండ్‌బ్రేకు లాగి, కారును కొండవైపు ఒరిపించి, లాతా ఇస్కందర్ జలపాతానికి కాస్త పైన ఆపగలిగాను.

అక్కడ పెతాయ్ కాయలమ్ముతున్న ఒరాంగ్ అస్లీ పెద్దాయన వేడి చక్రాలపై నీళ్లు పోయనివ్వలేదు. "గియర్ రెండా" అన్నాడు. మలయ్ భాషలో తక్కువ గేరని అర్థం. అమ్మకు మాత్రం తెలుగులోనే వినిపించింది: "విన్నావా బాబూ, రెండో గేరట!"

గంటసేపు చల్లారనిచ్చి, ఆ రెండో గేరులోనే తాపా దాకా దిగాం.