పాత నోట్లు: దాచాలా, అమ్మాలా, ఖర్చు పెట్టేయాలా? మా పిన్ని ట్రంకు పెట్టె నేర్పిన పాఠం

ఈ రోజు వీడియో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న గొడవ గురించి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పిన్ని చాలా ఏళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి వచ్చింది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీద నుంచి ట్రంకు పెట్టె దింపాం. చీరల మడతల్లో ఒక కవరు దొరికింది.

అందులో ఏమున్నాయంటే: ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు ఒకటి, నాలుగు ఒక్క రూపాయి నోట్లు, నంబర్ మధ్యలో స్టార్ ఉన్న 10 రూపాయల నోటు, పాత 1,000 నోటు ఒకటి, 2,000 నోట్లు రెండు, ఇంకా 20 దినార్ల కువైట్ నోట్లు రెండు.

మా తమ్ముడు వెంటనే ఫోన్ తీశాడు. "అన్నయ్యా, ట్రాక్టర్ నోటుకి లక్షలిస్తారంట!" అన్నాడు. పిన్ని మాత్రం, "అవి అవసరానికి దాచుకున్నవిరా, ముట్టుకోకండి" అంది. ఒకరు అమ్మేద్దాం అంటారు, ఒకరు దాచుకుంటాను అంటారు. ఎవరు కరెక్ట్? ఒక్కో నోటుకి ఒక్కో సమాధానం ఉందండి. చూద్దాం.

ముందు గడువు ఉన్న నోట్లు చూడాలి. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఆ దినార్ నోట్లు 1994లో వచ్చిన సీరీస్‌వి. కువైట్ సెంట్రల్ బ్యాంక్ వాటిని 2015లో చలామణీ నుంచి తీసేసింది. మార్చుకోవడానికి ఇచ్చిన గడువు 2025 ఏప్రిల్ 18తో అయిపోయింది. ఒక దినార్ అంటే మన డబ్బుల్లో 250 రూపాయల పైమాటే. అంటే 40 దినార్లకి 10,000 రూపాయలు దాటేది. పిన్ని "అవసరానికి" అని దాచింది. అవసరం రాకముందే ఆ నోట్ల టైం అయిపోయింది. ఈ మాట ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదండి. కోనసీమలో గల్ఫ్ వెళ్లొచ్చిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మీ ఇంట్లో పరాయి దేశం నోటు ఉంటే, అది ఇంకా చెల్లుతుందో లేదో ఆ దేశం సెంట్రల్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఇవాళే చూడండి.

రెండోది 2,000 నోటు. రిజర్వ్ బ్యాంక్ 2023 మే 19న దీన్ని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. మామూలు బ్యాంకుల్లో మార్చుకునే గడువు అదే ఏడాది అక్టోబర్ 7తో ముగిసింది. కానీ రద్దు చేస్తున్నామని ఆ రోజు చెప్పలేదు. రిజర్వ్ బ్యాంక్‌కి ఉన్న 19 ఇష్యూ ఆఫీసుల్లో తీసుకునే ఏర్పాటు పెట్టారు. మన ఆంధ్రాలో ఆ ఆఫీసు లేదు, హైదరాబాద్‌లో ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే పోస్టాఫీసు ద్వారా పంపితే మీ ఖాతాలో వేస్తారు. పంపేముందు రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో రూల్ ఒకసారి చూసుకోండి.

మూడోది 2016 నవంబర్ 8న రద్దయిన పాత 500, 1,000. వీటికి ఇప్పుడు డబ్బు రాదు. జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు, కానీ 2017 చట్టం ప్రకారం మామూలు మనుషుల దగ్గర మొత్తం 10 నోట్ల వరకే ఉండాలి. పరిశోధనకో, నాణేలు నోట్లు సేకరించే హాబీకో అయితే 25 వరకు. దాటితే జరిమానా 10,000 రూపాయలు, లేదా ఆ నోట్ల విలువకి అయిదు రెట్లు, ఏది ఎక్కువైతే అది.

ఇప్పుడు లక్షల కథకి వద్దాం. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయకి నేను వంద రూపాయలు చెప్పొచ్చు. కొనేవాడు ఇచ్చేదే రేటు. నోటు కూడా అంతే. ఆన్‌లైన్‌లో ఎవరో "5 లక్షలు" అని పెట్టారంటే అది వాడి ఆశ. ట్రాక్టర్ నోట్లు లెక్కలేనన్ని వేశారు, ఇప్పటికీ చెల్లుతాయి కూడా. స్టార్ నోటు అంటే ముద్రణలో పాడైన నోటు బదులు వేసినది. 2006 నుంచి వస్తున్నాయి, మిగతా నోట్లలాగే చెల్లుతుంది. ఒక్క రూపాయి నోటు ముద్రణ 1994లో ఆపి 2015లో మళ్లీ మొదలెట్టారు.

నిజంగా అరుదైనవి వేరే. 1959లో గల్ఫ్‌లో వాడకం కోసం రంగు మార్చి, నంబర్ ముందు జెడ్ అక్షరం పెట్టి వేసిన మన రూపాయి నోట్లు ఉన్నాయి. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది కదా. ఫ్రెంచ్ ఇండియా కోసం ఇండోచైనా బ్యాంక్ వేసిన రూపాయి నోట్లు అలాంటివే. ఇవి దొరికితే తొందరపడకండి. కనీసం ఇద్దరు ముగ్గురు డీలర్లకి చూపించి, అదే రకం నోటు వేలంలో నిజంగా ఎంతకి అమ్ముడైందో చూసి మాట్లాడండి.

ఇక మా తమ్ముడు ఏం చేశాడంటే, ట్రాక్టర్ నోటు ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టేశాడు. గంటలో ఒక మెసేజ్. "మీ నోటు సెలెక్ట్ అయ్యింది, 3 లక్షలు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు 1,150 పంపండి." కింద రిజర్వ్ బ్యాంక్ లోగో! వాడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయబోతుంటే ఫోన్ లాక్కున్నాను. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది: పాత నోట్ల అమ్మకాలతో మాకు సంబంధం లేదు, ఫీజులు కమీషన్లు మేము అడగం అని. గుర్తుపెట్టుకోండి, కొనేవాడు మీకు డబ్బివ్వాలి. మీ దగ్గరే ముందు డబ్బు అడిగితే వాడు కొనేవాడు కాదు. ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

దాచుకునేవాళ్లకి ఒక మాట. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. నోటుని కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, లామినేషన్ వద్దు, సెల్లో టేప్ అసలు వద్దు. ఇవి చేస్తే సేకరించేవాళ్ల దగ్గర విలువ పడిపోతుంది. మడత పెట్టకుండా మంచి కవర్లో, పొడి చోట ఉంచండి.

చివరికి మా ఇంట్లో ఏం తేలిందంటే, 2,000 నోట్లు పోస్టులో పంపుతున్నాం. ట్రాక్టర్ నోటు, స్టార్ నోటు తమ్ముడికే ఇచ్చేసింది, ఖర్చు పెడతాడో దాస్తాడో వాడిష్టం. రూపాయి నోట్లు పిన్ని ఉంచుకుంది. దినార్ల సంగతి నేనే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయ్, పోనీలే, నేను అక్కడ కష్టపడ్డానని గుర్తుంటుంది" అని మళ్లీ చీర మడతలోనే పెట్టేసింది.

మీరు మాత్రం ఆలస్యం చేయకండి. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, పెట్టె తెరిచి, ముందు గడువున్న నోట్లు వేరు చేయండి. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు. ఉంటానండి, వచ్చే వీడియోలో కలుద్దాం.