అలజడిని అణచే పగ్గాలు

ఒత్తిడి ఎక్కువైనప్పుడు “ఇక చాలు” అని శరీరానికి చెప్పే ఏర్పాటు మెదడులోనే ఉన్నది. ఆ ఏర్పాటు చెడినప్పుడు మనసు కుంగిపోవచ్చు.

మనోవ్యాకులతతో మంచం పట్టిన మనిషికి మన ఇళ్లలో మందుకన్న ముందు హితవు దొరుకుతుంది. “గుండె దిటవు చేసుకో”, “నీకేం తక్కువ?”, “నలుగురిలో తిరిగితే అదే సర్దుకుంటుంది” అంటారు. అనేవారు ఆప్తులే. కాని రోగి తలచుకుంటే చాలు, లేచి నిలబడగలడన్న నమ్మకం ఆ మాటల వెనుక దాగి ఉంటుంది. మెదడులో ఒత్తిడి హార్మోన్ చేసే పనిని గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకున్న విషయాలు ఆ నమ్మకాన్ని నిలువనీయవు.

1936లో కెనడాలోని మాంట్రియల్ నగరం నుంచి హాన్స్ సెల్యే అనే యువ శాస్త్రజ్ఞుడు ‘నేచర్’ పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాశారు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరచినా, అతిగా శ్రమపెట్టినా వాటి శరీరాలు ఒకే తీరున స్పందిస్తున్నాయన్నది దాని సారాంశం. మూత్రపిండాల పైన టోపీల్లా అమరి ఉండే అడ్రినల్ గ్రంథులు ప్రతిసారీ పెద్దవవుతున్నాయి. ఒత్తిడి అనే భావనకు వైద్యశాస్త్రంలో అది నాంది.

ఆపద ఎదురైనప్పుడు మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. పీయూష గ్రంథి అడ్రినల్ గ్రంథులను హెచ్చరిస్తుంది. అవి కార్టిసాల్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. కార్టిసాల్ మనకు శత్రువు కాదు. అవసరానికి తగిన శక్తిని సమకూర్చేది అదే. అది బొత్తిగా లేకపోతే ప్రాణమే నిలువదు. చిక్కల్లా అది మితిమీరినప్పుడే. అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1932లో వర్ణించిన వ్యాధిలో ఈ హార్మోన్ అదుపు లేకుండా ఊరుతుంది. ఆ రోగులలో చాలామందిని మనోవ్యాకులత కూడా పీడిస్తుంది.

ఇల్లు, సత్రం

కార్టిసాల్ మెదడుపై ఎక్కడ పనిచేస్తుంది? 1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మెకీవెన్, ఆయన సహచరులు దీనికి ఆధారం చూపారు. రేడియోధార్మిక గుర్తు తగిలించిన హార్మోన్‌ను ఎలుకలకు ఎక్కించి చూడగా, అది హిపోకాంపస్ అనే భాగంలో ఎక్కువగా నిలిచిపోయింది. జ్ఞాపకశక్తికి, భావోద్వేగాలకు సంబంధించిన భాగమిది. హార్మోన్ అనే తాళపుచెవికి సరిపోయే తాళాలు అక్కడి కణాలలో ఉన్నాయన్నమాట. వాటినే గ్రాహకాలంటారు.

ఈ గ్రాహకాలు రెండు రకాలని 1985లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు రోన్ ద క్లూట్ బృందం వెల్లడించింది. మొదటి రకం హార్మోన్‌ను సుమారు 10 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అందుచేత ప్రశాంత సమయంలో కూడా నిత్యం జనమున్న ఇల్లులా నిండి ఉంటుంది. రెండవ రకం జాతరనాడు మాత్రమే నిండే సత్రం వంటిది. హార్మోన్ వెల్లువెత్తినప్పుడే నిండుతుంది. సత్రం నిండగానే “ఇక చాలు” అన్న సందేశం వెళ్తుంది. హార్మోన్ ఉత్పత్తి తగ్గుముఖం పడుతుంది.

మరి ఆ సందేశం చెవికెక్కకపోతే? డెక్సామెథసోన్ అనే కృత్రిమ హార్మోన్ మాత్రను రాత్రి ఇస్తే, ఆరోగ్యవంతుల రక్తంలో మరునాడు కార్టిసాల్ బాగా తగ్గుతుంది. తీవ్రమైన మనోవ్యాకులతతో ఉన్నవారిలో పలువురికి అలా తగ్గడం లేదని మనోవైద్యుడు బెర్నార్డ్ కారల్ బృందం 1981లో సవివరంగా ప్రకటించింది. పగ్గం లాగినా గుర్రం ఆగడం లేదు! రక్తపరీక్షతోనే ఈ వ్యాధిని నిర్ధారించవచ్చునన్న ఆశ చిగురించింది. కాని ఆ ఆశ ఫలించలేదు. వ్యాకులత ఉన్నవారిలో ఎందరికో ఫలితం మామూలుగానే వచ్చింది. వేరే జబ్బులతో ఉన్న కొందరికి తేడాగా వచ్చింది. ఈ వ్యాధికి దారులు అనేకమని, కార్టిసాల్ వాటిలో ఒకటని దీనివల్ల తేలింది.

తల్లి స్పర్శ

పగ్గం ఎందుకు సడలుతుంది? దీనికి ఒక సమాధానం మళ్లీ మాంట్రియల్ నుంచే వచ్చింది. 2004లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోని మైకేల్ మీనీ, మోషే షిఫ్ బృందం ఎలుక పిల్లలను పరిశీలించింది. తల్లి ఎక్కువగా నాకి, నిమిరి పెంచిన పిల్లల హిపోకాంపస్‌లో రెండవ రకం గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయి. పెద్దయ్యాక అవి ఒత్తిడి నుంచి త్వరగా తేరుకున్నాయి. ఆదరణ తక్కువైన పిల్లలలో ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువుపై రసాయనిక ముద్రలు పడి, దాని పనిని మందగింపజేశాయి. ఒక తల్లి పిల్లలను మరొక తల్లి వద్ద పెంచినప్పుడు, పెంచిన తల్లి తీరే వాటికి అబ్బింది. ఆ ముద్రలు శాశ్వతం కావని, పెద్ద ఎలుకలలో సైతం మందుతో వాటిని మార్చవచ్చునని కూడా ఆ పరిశోధన తెలిపింది.

2009లో అదే నగరపు శాస్త్రజ్ఞులు ఆత్మహత్య చేసుకున్నవారి మెదళ్లను పరీక్షించారు. బాల్యంలో హింసకు గురైన 12 మందిలో ఆ జన్యువు పని తగ్గి కనిపించింది. అటువంటి బాల్యం లేని 12 మందిలో అది కనిపించలేదు. ఇది చిన్న పరిశోధనే. దీన్ని పట్టుకుని తల్లులను తప్పుపట్టరాదు. పసితనపు గాయం మనసులోనే కాక కణాలలోనూ జాడ వదలగలదని మాత్రం ఇది సూచిస్తున్నది.

నేరుగా ఈ గ్రాహకాలపైనే పనిచేసే మందుల కోసం జరిగిన ప్రయత్నాలు ఇంకా ఆశించిన ఫలితమివ్వలేదు. వాటిని అడ్డగించే మిఫెప్రిస్టోన్ తీవ్ర వ్యాకులతపై జరిపిన పెద్ద పరీక్షలలో నెగ్గలేకపోయింది. అయితే వాడుకలో ఉన్న వ్యాకులత మందులు కొన్ని, దీర్ఘకాలం ఇచ్చినప్పుడు ఎలుకల మెదడులో ఈ గ్రాహకాలను పెంచాయి. కోలుకున్న రోగులు పలువురిలో డెక్సామెథసోన్ పరీక్ష ఫలితం కూడా మామూలు స్థితికి వచ్చింది. అంటే సడలిన పగ్గం మళ్లీ బిగుసుకోగలదు.

మన దేశపు చట్టం కూడా ఈ దృష్టికి దగ్గరగా వచ్చింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. అటువంటివారికి సంరక్షణ కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవకు 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నిద్ర, ఆకలి, ఆసక్తి రెండు వారాలకు పైగా కరవైన మనిషి మీ ఇంట ఉంటే, ధైర్యం చెప్పండి. ఆ ధైర్యంతోపాటు వైద్యుని వద్దకు వెంట నడవండి.