విషయ నిర్వహణ సాధనాలు – వేటపాలెం జిల్లా పేరు

వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో ఏర్పడింది. నాడు ఆ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుండి వేటపాలెం బాపట్ల జిల్లాలో ఉంది. ఊరు కదలలేదు, జిల్లా పేరు మాత్రం మూడుసార్లు మారింది.

ఇటువంటి స్థలనామాలున్న గ్రంథసూచిని వర్డ్‌ప్రెస్‌లో నిర్వహిస్తే, డబ్ల్యుపి-సిఎల్ఐ అనే సాధనం ‘ప్రకాశం’ ఉన్న ప్రతిచోటా ‘బాపట్ల’ అని ఒకే ఆదేశంతో మార్చగలదు. అప్పుడు ఒంగోలు కూడా బాపట్ల జిల్లాలో చేరుతుంది. టంగుటూరి ప్రకాశం పేరు సైతం చెడుతుంది. ‘డ్రై-రన్’ పద్ధతి మార్పు చేయకుండానే ఎన్నిచోట్ల మారుతుందో ముందుగా చూపుతుంది. ఆ మార్పు సబబో కాదో చెప్పదు.

కాబట్టి పుస్తకంపై ముద్రితమైన జిల్లా పేరును యథాతథంగా ఉంచి, నేటి జిల్లాను వేరొక గడిలో నమోదు చేయడం మేలు. 2015లో వెలువడిన డ్రూపల్ 8 నుండి ఇటువంటి గడుల అమరికను యామల్ ఫైళ్లుగా వెలికితీయవచ్చు. ఆ ఫైళ్లలోని మార్పుల చరిత్రను గిట్ భద్రపరుస్తుంది. ప్రయోగప్రతిలో పరీక్షించిన అమరికను డ్రష్ అసలు సైటులోకి చేరుస్తుంది. అయితే నమోదైన వివరాలు డేటాబేసులోనే ఉంటాయి. వాటికి నకలు విడిగా తీయాలి.

సాధనం మార్పును వేగవంతం చేస్తుంది. ఏ పేరు ఏ కాలానిదో నిర్ణయించవలసినది పరిశోధకులే.