శాస్త్ర రేఖాపటములు: బహిరంగ సాఫ్టువేరు వినియోగము, సంస్కరణము

ప్రయోగశాలలో గాని, క్షేత్రపరిశీలనమున గాని సేకరింపబడిన అంకెలు పట్టికలలో నిలిచియున్నంతకాలము వాని యర్థము తేలికగా గోచరింపదు. వానిని రేఖాపటముగా గీచినప్పుడే హెచ్చుతగ్గులును, మలుపులును, పోలికలును కంటికి కట్టును. శాస్త్రవ్యాసమును చేతబట్టిన పాఠకుడు పెక్కుమార్లు మొట్టమొదట పటములనే చూచును. వానినిబట్టియే వ్యాసమును నమ్ముటయో శంకించుటయో చేయును. కావున శాస్త్రమున పటము అలంకారమాత్రము కాదు, అది సాక్ష్యము. సాక్ష్యమును పరీక్షించువారు దానిని సిద్ధపఱచిన సాధనమును గూడ పరీక్షింపవలసియుండును.

పూర్వము గ్రాఫు కాగితముపై పెన్సిలుతో పటము గీచునప్పుడు ప్రతి నిర్ణయమును గీచువాడే చేయుచుండెను. అక్షముపై అంకెల నెంత దూరమున ఉంచవలెను, గీత యెంత మందముగా నుండవలెను, ఏ రంగు వేయవలెను అనునవి అతని చేతిలోనివి. నేడు కంప్యూటరు గీయుచున్నది. ఇందలి నిర్ణయములలో అధికభాగము సాఫ్టువేరును నిర్మించినవారు ముందుగానే చేసిపెట్టియుందురు. వాడుకరి వేఱుగా కోరనిచో ఆ ముందునిర్ణయములే అమలు జరుగును. ఒక సాఫ్టువేరును లక్షలమంది వాడునప్పుడు అందలి చిన్న పొరపాటు లక్షల పటములలోనికి ప్రవేశించును.

లోపలి ప్రోగ్రామును ఎవరైనను చదువుటకును, మార్చుటకును, మార్చినదానిని ఇతరులకు పంచుటకును అనుమతి గల సాఫ్టువేరును ఓపెన్ సోర్సు సాఫ్టువేరందురు. ఈ వ్యాసమున బహిరంగ సాఫ్టువేరని వ్యవహరింతును. అట్టి సాఫ్టువేరు వెల లేక లభించుట వాడుకరికి లాభమే. కాని శాస్త్రమునకు అంతకంటె ముఖ్యమైన లాభమొకటి కలదు: దోషము కనబడినప్పుడు దానిని వాడువారే దిద్దగలరు. ఇందుకు నిదర్శనముగా, దిద్దబడిన యొక దోషమును, మన లిపికి సంబంధించిన మఱియొక కొఱతను ఇచ్చట వివరింతును.

పుట్టుపూర్వోత్తరములు

ఈ కోవలో ప్రాచీనమైనవానిలో గ్నూప్లాట్ ఒకటి. దీనిని 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ అనువారు ఆరంభించిరి. పేరున 'గ్నూ' యున్నను ఆ పేరుతో ప్రసిద్ధమైన స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థతో దీనికి సంబంధము లేదు. దీని అనుమతిపత్రమున ఒక విశేషము కలదు: దీనిని మార్చినవారు మార్పులను మూలముతో కలిపివేయక వేఱుగా జతపఱచి పంచవలెను. మూలమేదో, మార్పేదో పాఠకునికి స్పష్టముగా తెలియవలెనన్నది దీని యాశయముగా గ్రహింపవచ్చును.

నేడు మిక్కిలి వ్యాప్తి చెందిన మాట్‌ప్లాట్‌లిబ్‌ను నిర్మించినవాడు జాన్ హంటర్ (1968–2012). ఆయన షికాగోలో నాడీశాస్త్రమున పరిశోధన చేయుచు, మూర్ఛరోగుల మెదడు ఉపరితలముపై నుంచిన ఎలక్ట్రోడుల ద్వారా లభించు విద్యుత్సంకేతములను పరిశీలించుచుండెను. ఆ ప్రయోగశాలలో ఇందుకై వాడుచున్న వాణిజ్య సాఫ్టువేరు ఒక్క ప్రతి మాత్రమే యుండెను. దానిని తెఱచుటకు కంప్యూటరునకు తగిలింపవలసిన తాళము వంటి పరికరమును విద్యార్థులును, పరిశోధకులును వంతులవారీగా పంచుకొనవలసివచ్చెను. హంటర్ మొదట మాట్‌ల్యాబ్ అను మఱియొక వాణిజ్య సాఫ్టువేరుతో పని సాగింపజూచి, దాని పరిమితులను గమనించి, పైథాన్ భాషవైపు మరలెను. 2003లో మాట్‌ప్లాట్‌లిబ్ తొలి ప్రతి వెలువడినది; 2007లో ఆయన దీనిని వివరించుచు శాస్త్రపత్రికలో వ్యాసము ప్రకటించెను. 2012 ఆగస్టులో ఆయన మరణించినను పని నిలువలేదు. ఇతరులు భారమును స్వీకరించిరి. 2008లో ఫీనిక్సు నౌక కుజగ్రహముపై దిగినప్పుడును, 2019 ఏప్రిల్‌లో లోకమునకు చూపబడిన కృష్ణబిలపు ప్రథమచిత్ర నిర్మాణమునందును ఈ సాఫ్టువేరు వినియోగింపబడినది.

మన దేశమునను ఇట్టి కృషి జరిగినది. మూడు కొలతలలో పటములు గీయు 'మాయావి' అను బహిరంగ సాఫ్టువేరును ప్రభు రామచంద్రన్ నిర్మించెను. మద్రాసు ఐ.ఐ.టి.లో వాయువుల, ద్రవముల ప్రవాహమును గూర్చి పరిశోధించు కాలముననే ఆయన ఈ పనికి పూనుకొనెను. తరువాత బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్యుడయ్యెను. సంస్కృతనామము ధరించిన ఈ సాధనము నేడు పెక్కు దేశముల ప్రయోగశాలలలో వాడుకలో నున్నది.

పని చేయు విధము

మాట్‌ప్లాట్‌లిబ్ మూడు అంతస్తులుగా నిర్మింపబడినది. పై అంతస్తులో వాడుకరి వ్రాయు ఆదేశములుండును. నడిమి అంతస్తులో గీత, అక్షము, శీర్షిక, గుర్తు అను భాగములన్నియు వేఱువేఱు వస్తువులుగా నుండును; కావుననే పటమున ఏ భాగమునైనను ప్రత్యేకముగా మార్చవచ్చును. క్రింది అంతస్తు ఆ వస్తువులను తెరపై గాని, ముద్రణకు తగిన ఫైలులో గాని చిత్రించును. ఒకే ఆదేశములతో, చుక్కలుగా నిలువయుండు చిత్రమును గాని, ఎంత పెద్దదిచేసినను అంచులు చెదరని గీతల చిత్రమును గాని పొందవచ్చును. ముద్రణకు రెండవదే మేలు.

ఆదేశములు వ్రాతపూర్వకముగా నుండుట శాస్త్రమునకు గొప్ప సౌకర్యము. మౌసుతో లాగి, నొక్కి గీచిన పటము ఎట్లు సిద్ధమైనదో ఆరు నెలల తరువాత గీచినవారికే జ్ఞప్తికి రాకపోవచ్చును. ఆదేశములు వ్రాసియుంచినచో అంకెలలో ఒకటి మారినను పటమును క్షణములో తిరిగి గీయవచ్చును. సందేహము గలవారు స్వయముగా గీచి సరిచూచుకొనవచ్చును. అందుచే పటముతోపాటు ఆదేశములను, వాడిన సాఫ్టువేరు ప్రతిసంఖ్యను గూడ భద్రపఱచుట పరిశోధకుని విధి. ప్రతిసంఖ్య యేల యన, ముందునిర్ణయములు ప్రతినుండి ప్రతికి మారవచ్చును. అట్టి మార్పులలో ప్రసిద్ధమైనది రంగులకు సంబంధించినది.

రంగుల దోషము, దాని సవరణము

ఉష్ణోగ్రత, వర్షపాతము, పీడనము మొదలగు పరిమాణములను చూపునప్పుడు తక్కువ విలువకొక రంగు, ఎక్కువ విలువకొక రంగు, నడుమ క్రమముగా మారు రంగులు వాడుట వాడుక. దీనిని వర్ణక్రమమందము. మాట్‌ల్యాబ్ చిరకాలము 'జెట్' అను వర్ణక్రమమును ముందునిర్ణయముగా నుంచెను. దాని పోలికతో పెరిగిన మాట్‌ప్లాట్‌లిబ్ కూడ దానినే స్వీకరించెను. ఇందు రంగులు ముదురు నీలముతో ఆరంభమై, ఆకాశవర్ణము, ఆకుపచ్చ, పసుపుల మీదుగా ముదురు ఎఱుపునకు పోవును. చూచుటకు ఇంద్రధనుస్సువలె మనోహరముగా నుండును. దోషమంతయు ఆ మనోహరత్వమున దాగియున్నది.

విలువలు సమముగా పెరుగుచున్నను జెట్‌లో రంగులు కంటికి సమముగా మారినట్లు కానరావు. పసుపుపచ్చ, ఆకాశవర్ణముల చెంత మార్పు హఠాత్తుగా తోచును. ఆకుపచ్చ భాగమున చాల దూరము మార్పే లేనట్లు తోచును. ఫలితముగా అంకెలలో లేని సరిహద్దు పటములో కనబడును. అంకెలలో నున్న భేదము పటములో మఱుగుపడును. మఱియు జెట్ రెండు కొనలును చీకటిగను, నడిమి భాగము వెలుగుగను ఉండుటచే నలుపు తెలుపులలో ముద్రించినప్పుడు మిక్కిలి తక్కువ విలువయు, మిక్కిలి ఎక్కువ విలువయు ఒకే బూడిదరంగుగా కానవచ్చును. ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియని దృష్టి గలవారి యిబ్బంది వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇది కేవలము సౌందర్యచర్చ కాదు. హార్వర్డు పరిశోధకులు 2011లో ప్రకటించిన అధ్యయనమున హృదయధమనుల పటములను వైద్యరంగమువారికి చూపి పరీక్షింపగా, ఇంద్రధనుస్సు రంగుల పటములను చూచినవారు ప్రమాదస్థానములను గుర్తించుటలో ఎక్కువ తప్పులు చేసినట్లు తేలినది.

2014లో మాట్‌ల్యాబ్ జెట్‌ను విడిచి 'పరులా' అను క్రొత్త వర్ణక్రమమును ముందునిర్ణయముగా చేసెను. అది స్వామ్యహక్కులకు లోబడినది గనుక మాట్‌ప్లాట్‌లిబ్ వారు దానిని తీసికొనజాలక, స్వయముగా మఱియొకటి నిర్మింపబూనిరి. నథానియల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్ అనువారు మానవనేత్రము రంగుల భేదమును గ్రహించు రీతిని లెక్కించు గణితసూత్రముల ననుసరించి, అడుగడుగున మార్పు సమముగా తోచునట్లును, వెలుగు మొదటినుండి తుదివరకు పెరుగుచునే యుండునట్లును కొన్ని వర్ణక్రమములను కూర్చిరి. ఎరిక్ ఫైరింగ్ సహాయముతో మఱియొకటి చేరినది. వీనిని బహిరంగముగా ప్రకటించి, అందఱి యభిప్రాయములను గోరిరి. చర్చానంతరము నిలిచినది 'విరిడిస్'. లాటిన్ భాషలో దీని యర్థము పచ్చనిది. ముదురు ఊదాతో ఆరంభమై, పచ్చదనము మీదుగా లేత పసుపునకు చేరు ఈ క్రమమును ఎవరైనను ఎట్టి నిబంధన లేక వాడుకొనునట్లు విడిచిపెట్టిరి. 2015లో ఇది సాఫ్టువేరులో చేరినది; 2017 జనవరిలో వెలువడిన రెండవ ప్రధానప్రతిలో ముందునిర్ణయమైనది. పూర్వపు పటములను పూర్వపు రూపముననే గీయవలసినవారికై పాత పద్ధతిని గూడ నిలిపియుంచిరి.

గమనింపవలసిన దేమనగా, దోషమును తొలగించునప్పుడు పాత ఫలితములు చెడకుండ జాగ్రత్త వహించిరి. ఇట్టి సాఫ్టువేరులో చేరు ప్రతి మార్పును ఇతరులు చదివి విమర్శింతురు. మార్పునకు ముందును, తరువాతను గీచిన పటములను కంప్యూటరే పోల్చి, అనుకోని భేదమున్నచో తెలియజేయును. సంస్కరణమునకు ప్రోగ్రాము వ్రాయు నేర్పే యుండనక్కఱలేదు. దోషమును గమనించినవారు, అది కనబడునంత చిన్న ఉదాహరణమును, వాడిన ప్రతిసంఖ్యను, ఆశించిన ఫలితమును, వచ్చిన ఫలితమును స్పష్టముగా తెలిపినచో సగము పని జరిగినట్లే. వివరణగ్రంథములలోని అస్పష్టవాక్యమును దిద్దుటయు సేవయే. వాడిన సాఫ్టువేరును తమ వ్యాసమున పేర్కొనుట కనీసధర్మము.

తెలుగు అక్షరముల సమస్య

ఇక మనకు సన్నిహితమైన విషయమునకు వత్తము. పటమున అక్షములకును, శీర్షికకును తెలుగులో పేర్లు వ్రాయగోరిన ఉపాధ్యాయునికి మొదట ఖాళీ చతురస్రములు కనబడును. మాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చు డెజావు అక్షరముల అచ్చులో తెలుగు లేకపోవుటయే దీనికి కారణము. నోటో, పోతన, మండలి మొదలగు ఉచిత తెలుగు ఫాంటులలో నొకదానిని పేర్కొన్నచో చతురస్రములు పోవును. కాని అప్పుడు మఱియొక చిక్కు ఎదురగును.

యూనికోడులో 'స్త్రీ' అను ఒక్క అక్షరము ఆఱు సంకేతములుగా నిలువయుండును: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. వీనిని కలిపి ఏది తలకట్టుతో నుండవలెను, ఏది వత్తుగా క్రిందికి దిగవలెను అని నిర్ణయించునది ఫాంటు గాదు, ఫాంటులోని నియమములను చదివి అమలుపఱచు వేఱొక యంత్రాంగము. హార్ఫ్‌బజ్ అను బహిరంగ సాఫ్టువేరు ఈ పని చేయును. మాట్‌ప్లాట్‌లిబ్ చిరకాలము ఈ యంత్రాంగము లేకయే సంకేతములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చుచువచ్చెను. కావున 'స్త్రీ' యన్నది 'స్‌త్‌రీ' వలె విడిపోయి కనబడును. రష్యను, గ్రీకు మున్నగు లిపులకు సంకేతములను వరుసగా పేర్చిన చాలును గనుక ఈ కొఱత మొదటి నిర్మాతల దృష్టికి బలముగా రాలేదు.

ఇది తెలుగువారి కొఱత మాత్రమే కాదు. కన్నడమున ఒత్తులు ఇట్లే చెదరును. తమిళమునను, ఒడియాలోను అక్షరమునకు ముందు నిలువవలసిన ఎ-కార చిహ్నము వెనుకకు పోవును; మరాఠీలో హ్రస్వ ఇ-కారమునకు ఇదే గతి. బళ్లారిలో, హోసూరులో, బరంపురములో, షోలాపురములో ఇరుగుపొరుగు భాషలతో కలిసి జీవించుచున్న తెలుగు కుటుంబములకు ఈ విషయము వేఱుగా విన్నవింపనక్కఱలేదు. ఒక్క యంత్రాంగము చేరినచో ఈ లిపులన్నియు ఒకేసారి బాగుపడును.

పరిష్కారములు లేకపోలేదు. గ్నూప్లాట్‌లో కైరో పేరుతో నున్న చిత్రణమార్గములను ఎన్నుకొన్నచో తెలుగు సరిగా వచ్చును. మాట్‌ప్లాట్‌లిబ్‌లో పటమును ఎస్.వి.జి. రూపమున, అక్షరములను అక్షరములుగానే ఉంచి భద్రపఱచినచో, ఇంక్‌స్కేప్ వంటి సాధనము వానిని సక్రమముగా కూర్చి చూపును. జీటెక్ ద్వారా పి.డి.ఎఫ్. సిద్ధముచేయు మార్గమును కలదు. హార్ఫ్‌బజ్‌ను 'రక్మ్' అను గ్రంథాలయము ద్వారా వినియోగించు ఎం.పి.ఎల్. కైరో అను అనుబంధమును కొందఱు వాడుచున్నారు. ఆ రక్మ్‌నే మూలసాఫ్టువేరులో చేర్చు కృషియు సాగినది.

అట్టి కృషి ఫలించుటకు ప్రతి లిపిలోను పరీక్షాపదములు కావలెను. క్ష్మ, స్త్ర్యా, ర్త్స్య, జ్ఞై వంటి సంయుక్తాక్షరములు ఏ ఫాంటులో ఎట్లుండవలెనో చెప్పగలవారు ఆ లిపిని చదువువారే. నిర్మాత యెంతటి ప్రజ్ఞావంతుడైనను తెలుగు చదువనేరనిచో చెదరిన వత్తును గుర్తింపజాలడు. రంగుల దోషమును గుర్తించి దిద్దినవారు ఆ పటములను నిత్యము వాడుచున్నవారే యైరి. తెలుగు పటములను గీయువారు మనము. అందలి తప్పులను చూడగలవారమును మనమే. ఆ తప్పులను వ్రాసి పంపుటకు ద్వారము తెఱచియే యున్నది.